మూడో యజమాని చేతిలో స్టేజ్ టూ కారు

పవర్ పెంచే ప్యాకేజీల గురించి ఇంతవరకు వచ్చిన రాతలన్నీ దాదాపుగా మొదటి యజమాని కోసం రాసినవే. ఎంత హార్స్‌పవర్ పెరిగింది, నూరు కిలోమీటర్ల వేగాన్ని ఎన్ని సెకన్లలో అందుకుంది, ఎంత ఖర్చయింది అన్న దగ్గరే అవి ఆగిపోతాయి. కారు మాత్రం అక్కడ ఆగదు. జూబ్లీహిల్స్‌లో కొన్న జర్మన్ కారు నాలుగైదేళ్లకు కూకట్‌పల్లికో వనస్థలిపురానికో అమ్ముడుపోతుంది. ఇంకో నాలుగేళ్లు గడిచాక, కంపెనీ సర్వీస్ సెంటర్ బిల్లులు భరించలేని మూడో యజమాని దాన్ని పాతబస్తీకి తోలుకొస్తాడు. ఈ సమీక్షను ఆ మూడో యజమాని వైపు నుంచి రాస్తున్నాను. ఈ ప్యాకేజీల మంచిచెడ్డలు తేలేది అతని దగ్గరే అని నా గట్టి నమ్మకం.

హైదరాబాద్ పాత కోటగోడకున్న 13 దర్వాజాల్లో నేటికి మిగిలినవి రెండే. పురానాపూల్ దగ్గరిది ఒకటి, దబీర్‌పురాది రెండోది. ఈ దబీర్‌పురా దర్వాజా నుంచి రైల్వే స్టేషన్ వైపు, యాకుత్‌పురా వైపు పోయే దారుల్లో, రెండు కార్లు పడితే మూడోదానికి చోటులేని రేకుల షెడ్లు ఉంటాయి. మొహర్రం పదో రోజున బీబీ కా అలావా నుంచి ఊరేగింపు కదిలితే ఈ దారులన్నీ మనుషులతో నిండిపోతాయి. మిగతా రోజుల్లో ఆటోలు, తోపుడుబండ్లు, స్కూటర్ల మధ్య కారు 20 కిలోమీటర్ల వేగం దాటడమే గొప్ప. అలాంటి చోటికి రెండొందల కిలోమీటర్ల వేగం కోసం ట్యూన్ చేసిన కార్లు చికిత్సకు వస్తున్నాయి. అవి ఎలా తయారయ్యాయో తెలియాలంటే డెబ్బై ఏళ్లు వెనక్కి, యూరప్ దాకా వెళ్లాలి.

ఇంజిన్‌లో ఒకటి మారిస్తే దానికి తగ్గట్టు ఇంకో మూడు మారాలి. కార్బురేటర్ పెద్దదైతే గాలిదారి వెడల్పవ్వాలి, పొగ త్వరగా బయటికి పోవాలి, వాల్వు స్ప్రింగులు గట్టిపడాలి. ఆ నాలుగింటికీ కలిపి లెక్కకట్టి, ఇవి ఒకదానికొకటి సరిపోతాయని పూచీపడి అమ్మేదే ప్యాకేజీ. యుద్ధం తర్వాతి జర్మనీలో గెర్హార్డ్ ఓటింగర్ ఈ పనికి పూనుకున్నాడు. ఒక్రాసా పేరుతో 1950ల మొదట్లో ఆయన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు కిట్ అమ్మాడు. బీటిల్ ఇంజిన్‌లో ఒక్కో హెడ్డుకు గాలి లోపలికెళ్లే దారి ఒకటే ఉండేది. ఓటింగర్ రెండేసి దారులున్న కొత్త హెడ్డులు పోతపోయించి, రెండు కార్బురేటర్లు జతచేశాడు. అందులో ఏ ఒక్కటి విడిగా పెట్టినా పెద్దగా లాభం ఉండదు.

ఇటలీలో కార్లో అబార్త్ దీన్ని నిజంగానే పెట్టెలోకి ఎక్కించాడు. 1949లో మొదలైన ఆయన కంపెనీ, ఫియట్ చిన్న కార్ల కోసం పిస్టన్లు, క్యామ్‌షాఫ్ట్, కార్బురేటర్, సైలెన్సర్ అన్నీ సర్దిన చెక్కపెట్టెలను అమ్మింది. ఊళ్లో మెకానిక్ ఆ పెట్టె విప్పి, లోపల ఉన్నవి ఉన్నట్టు బిగిస్తే చాలు. 18 హార్స్‌పవర్ ఫియట్ 500 కాస్తా 27 హార్స్‌పవర్ ఇచ్చే 595 అయ్యేది. 1963 నాటి మాట ఇది. తొమ్మిది హార్స్‌పవర్ మనకిప్పుడు లెక్కలోకి రాకపోవచ్చు. ఆ కారుకు మాత్రం అది సగానికి సగం పెరుగుదల. ఇక 'స్టేజ్' అన్న మాట ఇంగ్లండ్ నుంచి వచ్చింది. ఎమ్‌జీ కంపెనీ తన టీడీ మోడల్ యజమానుల కోసం అచ్చువేసిన ట్యూనింగ్ పుస్తకంలో ఇంజిన్ బలాన్ని మెట్టుమెట్టుగా, స్టేజ్ వన్, స్టేజ్ టూ అంటూ పెంచే పద్ధతిని వివరించింది. ఏ మెట్టుకు ఏ భాగాలు కావాలో, ఏ పెట్రోలు పోయాలో కూడా చెప్పింది. నేడు హైదరాబాద్ కుర్రాళ్ల నోట్లో నలిగే స్టేజ్ వన్, స్టేజ్ టూలకు మూలం అదే.

ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆల్పినా కథ. బుర్కార్డ్ బోవెన్‌సీపెన్ 1960ల మొదట్లో బీఎండబ్ల్యూ 1500 కారుకు రెండు వెబర్ కార్బురేటర్ల కిట్ తయారుచేశాడు. ఆ పనితనం చూసి బీఎండబ్ల్యూ 1964లో ఒక నిర్ణయం తీసుకుంది. ఆ కిట్ పెట్టిన కార్లకు కూడా తన వారంటీ కొనసాగుతుందని చెప్పింది. ఆ మరుసటి ఏడాదే ఆల్పినా కంపెనీగా నిలబడింది. 1967లో హన్స్ వెర్నర్ ఔఫ్రెక్ట్, ఎర్హార్డ్ మెల్షర్ కలిసి ఏఎంజీ మొదలుపెట్టారు. 1971లో వాళ్లు తయారుచేసిన భారీ మెర్సిడెస్ 300 ఎస్ఈఎల్ బెల్జియంలోని స్పా 24 గంటల రేసులో రెండో స్థానంలో నిలిచింది. కాలక్రమంలో ఏఎంజీని మెర్సిడెస్ పూర్తిగా కలిపేసుకుంది, 2022లో ఆల్పినా బ్రాండు హక్కులను బీఎండబ్ల్యూ కొనేసింది. హార్స్‌పవర్ పెంచినవాళ్లు వందలమంది ఉండగా కంపెనీలు తమలో కలుపుకున్నది వీళ్లను. వీళ్ల పనికి వారంటీ ఇవ్వగలిగేంత నమ్మకం కుదిరింది కాబట్టే అది జరిగింది.

అదే కాలంలో మన దగ్గర దొరికే యూరప్ కార్లలో ముఖ్యమైనది ఫియట్. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసిన 1100, తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. 1089 సీసీ, నలభై చిల్లర హార్స్‌పవర్. దిగుమతికి దారులు మూసుకుపోయిన రోజులు కాబట్టి చెక్కపెట్టె ఏదీ హైదరాబాద్ దాకా రాలేదు. పాతబస్తీ మిస్త్రీలు చేతిపనితో నెట్టుకొచ్చారు. హెడ్డు కోయించి కంప్రెషన్ పెంచడం, బోరింగ్ కొట్టించి పెద్ద పిస్టన్లు వేయడం, జెట్లు మార్చడం వాళ్లకు తెలిసిన విద్య. అప్పటి తక్కువ ఆక్టేన్ పెట్రోలు వల్ల కంప్రెషన్ కాస్త ఎక్కువైతే ఇంజిన్ టకటకమని కొట్టుకునేది. ఆ చప్పుడు విని ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమే ఆనాటి ట్యూనింగ్.

రేసింగ్ కోసం ఈ పనిని శాస్త్రంగా చేసినవాళ్లు దక్షిణాన ఉన్నారు. మద్రాసు పక్కన షోలవరంలో పాత విమానాశ్రయం రన్‌వే మీద ఫియట్లు రేసుల్లో పరుగెత్తేవి. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు మిల్లు కుటుంబాల్లో ఒకదానికి చెందిన ఎస్. కరివర్ధన్ అక్కడి హీరోల్లో ఒకడు. తానే రేసర్, తానే డిజైనర్. 1988లో మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి రేసు కారును తీర్చిదిద్ది, తక్కువ ఖర్చులో ఒక తరం కుర్రాళ్లకు రేసింగ్ నేర్పాడు. అందరికీ ఒకే ఇంజిన్, ఒకే సెట్టింగు, కాబట్టి గెలుపు డ్రైవర్ చేతిలోనే ఉండేది. 1995లో ఆయన విమాన ప్రమాదంలో చనిపోయాడు. కోయంబత్తూరు దగ్గరున్న కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీద వెలిసిందే. ఇంజిన్‌ను ఒక కుదిరిన ప్యాకేజీగా చూడటం మన ప్రాంతంలో నేర్పిన మనిషి ఆయనే అని నేననుకుంటాను.

యూరప్‌లో ఈలోగా ఆట మారిపోయింది. 1979లో బాష్ కంపెనీ మోట్రానిక్ వ్యవస్థ బీఎండబ్ల్యూ 732ఐ కారులోకి వచ్చింది. ఇంధనం ఎంత పడాలి, ప్లగ్గు ఎప్పుడు వెలగాలి అన్న రెండు నిర్ణయాలూ ఒకే కంప్యూటర్‌కు చేరాయి. ఇక పిస్టన్లు, క్యామ్‌షాఫ్ట్ ముట్టుకోనక్కర్లేదు, చిప్ ఊడదీసి అంకెలు మార్చిన ఇంకో చిప్ పెడితే చాలు. టర్బో ఇంజిన్లు వచ్చాక ఈ మార్గం రాజమార్గమైంది. మామూలు ఇంజిన్‌లో అంకెలు మారిస్తే ఐదారు శాతం పెరిగితే ఎక్కువ. టర్బో ఇంజిన్‌లో బూస్ట్ పెంచితే పావువంతు పెరగడం మామూలు విషయం. ఆ తర్వాత చిప్ ఊడదీసే పని కూడా తప్పింది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్ నుంచే కొత్త ఫైలు ఎక్కించే పద్ధతి వచ్చింది. 1997లో అమెరికాలో పుట్టిన ఏపీఆర్ లాంటి సంస్థలు ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లకు ఈ ఫైళ్లను భాగాలతో కలిపి మెట్లుగా అమ్మాయి. ఫైలు ఒక్కటే అయితే స్టేజ్ వన్. డౌన్‌పైపు, ఇంటేక్, కొన్ని కార్లకు ఇంటర్‌కూలర్ కూడా మారిస్తే స్టేజ్ టూ. టర్బోనే మార్చేస్తే స్టేజ్ త్రీ. పాత ఎమ్‌జీ పుస్తకంలోని మెట్లకు ఇవి వారసులే అయినా ఒక తేడా ఉంది. అక్కడ ప్రతి మెట్టులోనూ ఏం మారిందో కంటికి కనపడేది. ఫైలు మాత్రం బానెట్ ఎత్తి చూస్తే కనపడదు.

మనకు ఈ కార్లు కాస్త ఆలస్యంగా వచ్చాయి. 2001లో స్కోడా ఆక్టేవియా రావడంతో టర్బో డీజిల్ పికప్ ఎలా ఉంటుందో తెలుగు డ్రైవర్లకు తెలిసింది. 1.9 టీడీఐ ఇంజిన్ 90 హార్స్‌పవరే ఇచ్చేది కానీ, కింది గేర్లలో దాని లాగుడు అంతకుముందు ఎరిగినది కాదు. కామన్‌రైల్ డీజిళ్లు వచ్చాక వాటికి 'ట్యూనింగ్ బాక్స్' అనే చిన్న పెట్టెలు వచ్చాయి. ఇంధన పీడనం చెప్పే సెన్సార్‌కూ కంప్యూటర్‌కూ మధ్య దాన్ని తగిలిస్తారు. పీడనం ఉన్నదానికంటే తక్కువగా ఉన్నట్టు అది అబద్ధం చెబుతుంది, నిజమనుకుని కంప్యూటర్ ఇంకా పెంచుతుంది. పికప్ పెరగడం నిజమే. అబద్ధం మీద నడిచే ఇంజిన్ ఎంతకాలం బాగుంటుందన్నది నా ప్రశ్న. ఇది ప్యాకేజీ అనిపించుకోదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇందులో దేనికీ ఏదీ సరిపోల్చలేదు.

అసలు అభిమానులను తయారుచేసింది 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐ. 1.2 లీటర్ల చిన్న టర్బో ఇంజిన్, 105 హార్స్‌పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. మధ్యతరగతి ఉద్యోగి కొనగలిగిన ధరలో జర్మన్ ట్యూనింగ్ లోకమంతా అతని ముందుకొచ్చింది. 2015లో ఫియట్ 145 హార్స్‌పవర్ అబార్త్ పుంటోను పది లక్షల లోపే ఇచ్చింది. 2017లో 230 హార్స్‌పవర్ ఆక్టేవియా ఆర్‌ఎస్ వచ్చింది. ఇప్పుడు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా 1.5 టీఎస్‌ఐ కార్లు ఆ స్థానంలో ఉన్నాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఊరి చుట్టూ ఉంది, దాని మీద 120 దాకా పోనిస్తున్నారు. కోరికకు తగ్గ రోడ్డు దొరికింది కాబట్టి స్టేజ్ వన్ ఫైళ్లకు హైదరాబాద్‌లో గిరాకీ పెరగడంలో వింతేమీ లేదు.

దబీర్‌పురాలో ఒక షెడ్డు దగ్గర నేను చూసిన తెల్ల పోలో జీటీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మలక్‌పేటలో బట్టల దుకాణం నడిపే ఒక యువకుడు దానికి మూడో యజమాని. ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి జర్కులు ఇస్తోందని, ఇంజిన్ లైటు వెలుగుతోందని తెచ్చాడు. షెడ్డు నడిపే ఉస్తాద్ స్కానర్ తీయలేదు. ముందు బానెట్ ఎత్తి టర్బో గొట్టాల కీళ్లను టార్చితో చూశాడు. కంపెనీ ఆ కీళ్లకు స్ప్రింగు క్లిప్పులు వేస్తుంది. రెండు చోట్ల స్క్రూతో బిగించే మామూలు క్లిప్పులున్నాయి. గాలి ఫిల్టర్ డబ్బా తీసి చూస్తే లోపలి మూతులు కోసి ఉన్నాయి. కిందికి వంగి చూస్తే డౌన్‌పైపు మీద చేతి వెల్డింగు గీత.

"సాబ్, ఈ బండిల ముందే ఎవరో చేయి పెట్టిన్రు. మీకు అమ్మినాయన చెప్పలేదా?"

"లేదు భాయ్. సర్వీస్ బుక్కుల అంతా కంపెనీదే ఉంది."

"బుక్కుల ఉండదు సాబ్ గిది."

తర్వాత ల్యాప్‌టాప్ పెట్టి, పక్కన కూర్చున్న కుర్రాడితో లాగ్ రాయించాడు. మూడుసార్లు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేసరికి ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడి 70 డిగ్రీలు దాటింది. ఈ ఇంజిన్‌లో ఇంటర్‌కూలర్ ఇంటేక్ మ్యానిఫోల్డ్ లోపలే ఉంటుంది, నీటితో చల్లబడుతుంది. ఒకసారి ఆ నీరు వేడెక్కితే త్వరగా దిగదు. గాలి వేడెక్కగానే కంప్యూటర్ ప్లగ్గు వెలిగే సమయాన్ని వెనక్కి జరుపుతోంది, అయినా ఎక్కించిన ఫైలు బూస్ట్ అడుగుతూనే ఉంది. ఒకటి పెంచమంటుంటే ఇంకొకటి తగ్గిస్తోంది, ఆ పెనుగులాటే కారులో కూర్చున్నవాడికి జర్కుగా తగులుతోంది. ఫైలు రాసింది ఎవరో తెలియదు. ఏ పెట్రోలుకు రాశారో తెలియదు. మూల ఫైలు దాచారో లేదో తెలియదు. ఉస్తాద్ చివరికి ఇంటేక్ డబ్బా కొత్తది తెప్పించి, క్లిప్పులు, ప్లగ్గులు మార్చి, కంపెనీ ఫైలును తిరిగి ఎక్కించే ఏర్పాటు చేశాడు. ఫైలు ఎక్కించేటప్పుడు బ్యాటరీకి ఛార్జర్ తగిలించి, ఓల్టేజీ అంకె మీద నుంచి కన్ను తీయలేదు. మధ్యలో కరెంటు పడిపోతే ఇంజిన్ కంప్యూటర్ పనికిరాకుండా పోతుంది. ఏసీతో అదే ఫ్లైఓవర్ మళ్లీ ఎక్కించి చూపాకే తాళాలు ఇచ్చాడు.

ఆ కారులో మొదటి యజమాని పెట్టించింది స్టేజ్ టూ ప్యాకేజీ అని అతనికి చెప్పి ఉంటారు. చేతికొచ్చిన భాగాలు, ఎక్కడిదో తెలియని ఫైలు కలిసి ఉన్న కారు అది. ఈ వ్యాపారంలో ఒక పద్ధతి బాగా పాకింది. ఇటలీలో తయారైన ఫ్లాషింగ్ పరికరాలకు నకళ్లు చౌకగా దొరుకుతాయి. కారులోని ఫైలు చదివి ఎక్కడో ఉన్న ట్యూనర్‌కు పంపితే, గంటలో మార్చిన ఫైలు తిరిగొస్తుంది. ఆ ట్యూనర్ ఆ కారును చూడడు, హైదరాబాద్ ఎండనూ చూడడు.

ఎండ సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న లెక్క. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం ఇక్కడి గాలి, 15 డిగ్రీల సముద్రతీరపు గాలికంటే సుమారు 14 శాతం పలచన. అదే బూస్ట్ ఇవ్వాలంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి, తిరిగినకొద్దీ గాలి ఇంకా వేడెక్కుతుంది. జర్మనీలో నికరంగా నిలిచిన ఫైలు ఇక్కడ మే నెలలో తడబడటానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

గేర్‌బాక్సు సంగతి దీనికంటే సూటిగా ఉంటుంది. పోలో జీటీ, వర్టస్, స్లావియాల్లో వాడే పొడి క్లచ్ ఏడు గేర్ల డీఎస్‌జీ, డీక్యూ200, మోయగలదని కంపెనీ చెప్పిన టార్క్ 250 న్యూటన్ మీటర్లు. పాత పోలో 175 దగ్గర ఉండేది కాబట్టి కొంత ఖాళీ ఉండేది, మంచి స్టేజ్ వన్ ఫైలు ఆ ఖాళీలో సర్దుకునేది. కొత్త 1.5 టీఎస్‌ఐ కారు షోరూం నుంచి వచ్చేటప్పుడే సరిగ్గా 250 ఇస్తుంది. అంటే ఖాళీ సున్నా. దాని మీద 300 దాటిస్తామని అమ్మే ఫైలు గేర్‌బాక్సుకు చెప్పకుండా చేస్తున్న అప్పు. వేడిలో, ట్రాఫిక్‌లో ఈ గేర్‌బాక్సు మామూలుగానే ఇబ్బంది పడిన చరిత్ర ఉంది. చైనాలో ఫోక్స్‌వ్యాగన్ వారంటీని పదేళ్లకు పెంచి, 2013లో 3.8 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా సాయంత్రం ఆరింటికి ఒకసారి వెళ్లొస్తే ఆ క్లచ్ ఎంత అరిగిపోతుందో ఎవరికైనా తెలుస్తుంది. ఈ రెండు అంకెలు, ఇంజిన్ ఇచ్చే టార్క్, గేర్‌బాక్సు మోసే టార్క్, పక్కపక్కన రాసి చూపించని ప్యాకేజీని కొనవద్దని ఎవరడిగినా చెబుతాను.

పెట్రోలు విషయంలో పరిస్థితి కొంత మెరుగైంది, కొంత చిక్కుబడింది. ఇండియన్ ఆయిల్ 2020 చివర్లో 100 ఆక్టేన్ పెట్రోలు తెచ్చింది. మామూలు బంకుల్లో ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఆక్టేన్ 95 అని ప్రభుత్వం చెబుతోంది. ఆక్టేన్ పెరిగితే టర్బో ఇంజిన్‌కు మేలే. కానీ ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ, కాబట్టి అదే బలానికి ఇంజెక్టర్లు ఎక్కువ ఇంధనం పోయాలి. స్టేజ్ టూలో ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు అప్పటికే తమ అంచు దగ్గర పనిచేస్తుంటే ఈ అదనపు భారం వాటి మీదే పడుతుంది. ఐదేళ్ల కిందట రాసిన ఫైలు ఇప్పటి బంకులోని పెట్రోలుకు రాసింది కాదన్నది మరిచిపోకూడదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట చెప్పిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు వచ్చాయి. రిజిస్ట్రేషన్ దరఖాస్తులో హార్స్‌పవర్ గడి ఉంది కాబట్టి ఫైలు మార్చి బలం పెంచినా ఆ కాగితానికి తేడా వచ్చినట్టే. అమల్లో మాత్రం పోలీసులు పట్టుకునేది చెవికి వినిపించే సైలెన్సర్లనే. లోపలి ఫైలును రోడ్డు మీద ఎవరూ చూడలేరు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సర్వేయర్ చూస్తాడు, వారంటీ అడిగినప్పుడు కంపెనీ కంప్యూటర్ చూస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ వర్క్‌షాపుల్లో మార్చిన ఫైలు దొరికితే టీడీ1 అనే గుర్తు ఆ కారు రికార్డులో పడుతుంది. మొదటి యజమాని చేసిన పనికి మూడో యజమాని జవాబు చెప్పుకోవాల్సింది అప్పుడే.

జర్మనీ ఈ చిక్కును వేరేగా విప్పింది. అక్కడ ట్యూనింగ్ భాగంతో పాటు పరీక్షా నివేదిక వస్తుంది. ఇన్‌స్పెక్టర్ కారును చూసి, సరిగా బిగించారని సంతకం పెట్టాక, ఆ మార్పు కారు కాగితాల్లో ఎక్కుతుంది. పదేళ్ల తర్వాత కొన్నవాడు ఆ కాగితం తెరిస్తే ఏం మారిందో అందులో ఉంటుంది. ఇది మనకు చేతకాని పనేమీ కాదు, ఇప్పటికే ఒక చోట చేస్తున్నాం. సీఎన్‌జీ కిట్ పెట్టించేటప్పుడు ఆమోదం పొందిన కిట్, గుర్తింపు ఉన్న సెంటర్, ఆర్టీఏలో ఆర్సీ మీద ఎంట్రీ, అన్నీ ఉన్నాయి. పాత పెట్రోలు కార్లను విద్యుత్ కార్లుగా మార్చే కిట్లకు కూడా ఇదే దారి ఉంది. హైదరాబాద్‌కే చెందిన ఈట్రియో అలాంటి కిట్లకు, వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ ఆమోదం తెచ్చుకుంది. సిలిండర్ నిండా గ్యాసు మోసే కిట్‌ను పరీక్షించి ఆమోదించగల వ్యవస్థకు ఒక డౌన్‌పైపునూ ఒక ఫైలునూ పరీక్షించడం కష్టమని నేను ఒప్పుకోను. మొత్తంగా వద్దనడం వల్ల ట్యూనింగ్ ఆగలేదు, కాగితం లేకుండా సాగుతోంది.

కంపెనీలే ప్యాకేజీ అమ్మిన సందర్భాలు చూస్తే కాగితం విలువ తెలుస్తుంది. 2008లో అబార్త్ 500కు ఎస్సెస్సె కిట్‌ను పాత సంప్రదాయంలోనే చెక్కపెట్టెలో పెట్టి పంపారు. 135 హార్స్‌పవర్ 160 అయింది. దాంతోపాటు రంధ్రాలున్న బ్రేక్ డిస్కులు, పొట్టి స్ప్రింగులు, పెద్ద చక్రాలు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి, బిగించేది డీలరే. బలంతో పాటు బ్రేకులు పంపడం నాకు బాగా నచ్చిన విషయం. మన ఊళ్లో స్టేజ్ టూ పెట్టించుకున్నవాళ్లలో ఎంతమంది బ్రేక్ ప్యాడ్ల గురించి అడిగారో ఏ షెడ్డులోనైనా కనుక్కోవచ్చు. వోల్వో తన పోల్‌స్టార్ సాఫ్ట్‌వేర్‌ను వారంటీ చెడకుండా డీలర్ల ద్వారా ఎక్కించింది. వీటిలో పెరిగే బలం బయటి ట్యూనర్లు ఇచ్చేదానికంటే తక్కువే. కానీ పెరిగినదానికి ఒకరు జవాబుదారీ.

కంపెనీలన్నీ ధర్మదేవతలని నేననడం లేదు. 2015లో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ మోసం జరిగింది సాక్షాత్తూ కంపెనీ ఫైలులోనే. పరీక్ష జరుగుతోందని గుర్తించినప్పుడు మాత్రమే పొగను శుభ్రంగా చూపే రాత అది. మన దేశంలో 3.23 లక్షల కార్లను సరిచేయడానికి పిలిచారు, 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ 500 కోట్ల జరిమానా వేసింది. ఆ తర్వాత యూరప్ నిబంధనలు బిగిశాయి. సైబర్ భద్రత, సాఫ్ట్‌వేర్ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నియమాలు 2024 జూలై నుంచి అక్కడి కొత్త కార్లన్నిటికీ వర్తిస్తున్నాయి. ఇంజిన్ కంప్యూటర్లకు తాళాలు పడ్డాయి. 2020 మధ్య నుంచి తయారైన బీఎండబ్ల్యూల్లో ఓబీడీ ద్వారా ఫైలు మార్చడం దాదాపు ఆగిపోయింది, కంప్యూటర్ ఊడదీసి తెరిపించాల్సి వస్తోంది. దొంగ ఫైలును ఆపే తాళమే దబీర్‌పురా ఉస్తాద్ కంపెనీ ఫైలును తిరిగి పెట్టే దారినీ మూస్తుంది. ఈ రెండో నష్టం గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

విద్యుత్ కార్లతో ప్యాకేజీ మళ్లీ రూపం మార్చుకుంది. పోల్‌స్టార్ 2 కారుకు 50 కిలోవాట్ల అదనపు బలాన్ని కంపెనీ గాలిలోంచి, ఇంటర్నెట్ ద్వారా అమ్మింది. అమెరికాలో మెర్సిడెస్ తన ఈక్యూ కార్ల పికప్ పెంచడానికి ఏడాదికి 1,200 డాలర్ల చందా పెట్టింది. 2025లో ఫోక్స్‌వ్యాగన్ బ్రిటన్‌లో ఐడీ.3 కారును 201 హార్స్‌పవర్‌తో ఇచ్చి, 228 కావాలంటే నెలకు 16 పౌండ్ల 50 పెన్నీలు కట్టమంది. మోటారు అదే, బ్యాటరీ అదే. ముందే కారులో ఉన్న బలానికి అద్దె అడగడం నాకు న్యాయంగా తోచదు. అయితే ఆ పథకంలో ఒక షరతు ఉంది. ఒకేసారి 649 పౌండ్లు కట్టి కొంటే ఆ బలం కారుకే చెందుతుంది, అమ్మినప్పుడు కారుతో పాటే పోతుంది. మూడో యజమానికి ఏం దక్కుతుందో అమ్మేటప్పుడే చెప్పిన ప్యాకేజీ కాబట్టి దాన్ని ఇక్కడ ప్రస్తావించాను.

మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది, వాహన రంగం కూడా దాని పరిధిలో ఉంది. మాన్యువళ్లు, విడిభాగాల ధరలు అక్కడ పెట్టడం మంచిదే. దానికి తోడు, ఛాసిస్ నంబరు కొట్టి కారులోని ఫైలు కంపెనీదో మార్చిందో సరిచూసుకునే వీలు, మార్చిందైతే కంపెనీ ఫైలును రుసుము కట్టి తిరిగి తెచ్చుకునే వీలు బయటి మెకానిక్‌లకు ఇవ్వాలి. ఆ తెల్ల పోలో విషయంలో ఉస్తాద్‌కు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది ఆ ఒక్క ఫైలు సంపాదించడానికే.